ఫోను లేని ఇంటికి వీడియో పాఠం ఎలా చేరుతుంది?

శ్రీకాకుళం జిల్లాలో సోంపేట వైపు తీరగ్రామాల పిల్లలు చదివే ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల నుంచి ఫిజికల్ సైన్స్ టీచరు ఒకరు ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది, ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

గత ఏడాది నుంచి ఆమె తన పాఠాలను రాత్రిపూట ఇంట్లో ల్యాప్‌టాప్ మీద రికార్డు చేస్తున్నారు. పెన్ ట్యాబ్లెట్‌తో తెర మీద బొమ్మ గీస్తూ, మాటతో వివరిస్తూ పోతారు. ట్యాబ్లెట్, మైకు సొంత డబ్బుతో కొన్నారు. ఒక్కో వీడియో అరగంట దాకా ఉంటుంది. వాటిని యూట్యూబ్‌లో పెట్టి, పదో తరగతి పిల్లలకు "రేపటి పాఠం ఈ రాత్రి చూసి రండి, తరగతిలో లెక్కలు చేద్దాం" అని చెప్పారు. తరగతిలో సమయం మిగిలింది. చురుకైన పిల్లలు పరుగందుకున్నారు. వేరే జిల్లాల పిల్లలు కూడా చూసి కృతజ్ఞతలు రాశారు. హెడ్మాస్టరు సంతోషించి, అధికారులు వచ్చినప్పుడు చూపిద్దాం, పిల్లలతో కూడా కొన్ని తీయండి అన్నారు.

కానీ తరగతిలో దాదాపు సగంమంది ఇళ్ళలో సాయంత్రం స్మార్ట్‌ఫోను ఉండదు. తండ్రులు చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్ వెళ్తే ఫోను కూడా వాళ్ళతోనే వెళ్తుంది. తల్లులు జీడిపిక్కల పని ముగించుకుని చీకటి పడ్డాక ఇల్లు చేరతారు. నాయనమ్మ దగ్గర ఉండి చదువుకుంటున్న ఒక అమ్మాయి, తరగతిలో బాగా చదివే పిల్ల, పాఠం చూడటానికి పక్కింటి కుర్రవాడి ఫోను అడిగి తీసుకుంది. ఇలా కొన్నిసార్లు జరిగాక వీధిలో మాటలు పుట్టాయి. నాయనమ్మ బడికి వచ్చి, "మీ పాఠం కోసం నా మనవరాలు మాట పడింది. ఫోను కొనే శక్తి మాకు లేదు. చదువు మాన్పించి చెన్నైలో తల్లి దగ్గరకు పంపేస్తాను" అని ఏడ్చి వెళ్ళింది. అప్పటి నుంచి ఆ అమ్మాయి వెనక బెంచీలో తల వంచుకుని కూర్చుంటోంది.

ఇవి కాక మరికొన్ని. రిటైర్మెంటుకు దగ్గర పడిన లెక్కల మాస్టారు "పాఠమంతా వీడియోలో పెట్టేస్తే రేపు మనమెందుకు అంటారు" అని, ఆ తర్వాత మాట్లాడటం తగ్గించారు. వీడియోల కింద ఎవరో "ఈ యాసతో సైన్సా" అని రాస్తే, ఆమె కొన్ని పాఠాలను పుస్తక భాషలో మళ్ళీ రికార్డు చేశారు. పిల్లలు మాత్రం పాతవే బాగున్నాయంటున్నారు. ఇంత కష్టపడుతున్నప్పుడు ఛానల్ మీద డబ్బు ఎందుకు రాకూడదని భర్త అడుగుతున్నారు. ఉత్తరం చివర ఆమె ఇలా రాశారు: "కెమెరా ముందు నేను ఓపిక ఉన్న టీచర్ని. తరగతిలో ఆరో పీరియడుకి గొంతూ ఉండదు, ఓపికా ఉండదు. వీడియోలు మానేయాలా, కొనసాగించాలా?"

టీచరుగారూ,

ముందు ఆ అమ్మాయి సంగతి చూడండి. మీరు రాసిన మిగతావన్నీ నెల ఆగినా ఫరవాలేదు, ఇది ఆగదు.

ఈ వారంలోనే వాళ్ళింటికి వెళ్ళండి. ఒంటరిగా వెళ్ళకుండా, ఆ నాయనమ్మకు ముఖపరిచయం ఉన్న మరో టీచరమ్మను తోడు తీసుకెళ్ళండి. వీధి అరుగు మీద మాట్లాడకండి, లోపల కూర్చోండి. మొదటి మాటగా "ఇకమీదట ఎవరూ ఇంట్లో ఏ వీడియో చూడనక్కరలేదు, ఫోను అవసరం లేదు" అని చెప్పండి. ఆ మాట చెప్పగలగాలంటే అంతకుముందు రోజే తరగతిలో అందరికీ ఆ నియమం ఎత్తేసి ఉండాలి. ఆమె ఒక్కదానికే మినహాయింపు ఇస్తే, ఎందుకు ఇచ్చారన్న ప్రశ్న మళ్ళీ వీధిలోకే పోతుంది. పక్కింటి అబ్బాయి ప్రస్తావన మీ నోట రానివ్వకండి. ఆ పిల్లవాడిని పిలిచి అడగడం, మందలించడం కూడా వద్దు. అడిగిందల్లా పాఠం కోసం, ఇచ్చినవాడు పాఠం కోసమే ఇచ్చాడు. మీరు దాన్ని విచారణలాగా చేస్తే లేని తప్పుకి రూపం వస్తుంది.

ఆమెకు ఒక పాత ఫోను కొనిద్దామన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. మంచి మనసుతో వచ్చే ఆలోచనే. కానీ ఆ ఫోను ఎవరిచ్చారన్నది మళ్ళీ ఊరికి ప్రశ్న అవుతుంది, తరగతిలో ఫోను లేని మిగతా పిల్లలు చూస్తూ ఉంటారు, "మాకు కొనే శక్తి లేదు" అని ఏడ్చిన మనిషికి అది సాయంలాగా కాక ఎత్తిపొడుపులాగా తగలవచ్చు. అదే వీధిలో ఆడపిల్లలు నలుగురు కలిసి ఒకరి ఇంట్లో చూసుకునే ఏర్పాటు కొంత నయం. అయితే ఆ ఇంటి తల్లి ఒప్పుకోవాలి, వేళ నిర్ణయించాలి, రోజూ అంటే ఆమెకూ బరువే.

చెన్నై మాట వస్తే వాదించకండి. నాయనమ్మ ఎదుటే, నాయనమ్మ అనుమతితోనే, తల్లికి ఫోను చేసి మాట్లాడండి. అక్కడ సిలబస్ వేరు, భాష వేరు, పదో తరగతి మధ్యలో వెళ్తే పిల్లకు ఏడాది పోతుందని తల్లికి మీరు చెబితే ఒకలా ఉంటుంది, నాయనమ్మ చెబితే మరోలా ఉంటుంది. ఇద్దరికీ ఒకేసారి వినపడేలా చెప్పండి. ఆ తర్వాత నిర్ణయం వాళ్ళది. పరువు పోతుందన్న భయంతో ఆవేశంలో అన్న మాట ఇది. ఆ భయానికి కారణం తీసేస్తే చాలావరకు దిగుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. "రాత్రి చూసి రండి, తరగతిలో చేద్దాం" అన్న పద్ధతి ఎక్కడిది, ఎందుకు మొదలైంది అన్నది తెలుసుకోవడం మీకు పనికొస్తుంది. అమెరికాలో కొలరాడో కొండల్లో వుడ్‌లాండ్ పార్క్ అనే చిన్న ఊరి హైస్కూల్లో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు 2007లో తమ పాఠాలను రికార్డు చేయడం మొదలుపెట్టారు. ఆటల పోటీలకని దూరప్రయాణాలు చేస్తూ తరగతి పోగొట్టుకునే పిల్లల కోసం చేసిన పని అది. పాఠం తప్పిపోయినవాళ్ళు తర్వాత చూసుకోవాలని. అందరూ ముందే చూసి రావాలన్నది ఆ తర్వాత పెరిగిన ఆలోచన. అప్పుడు కూడా ఇంట్లో ఇంటర్నెట్ లేని పిల్లలకు వాళ్ళు డీవీడీలు చేసి ఇచ్చారు. అంటే పాఠం ఇంటికి చేరే దారి ఉందో లేదో చూసుకున్నాకే ఆ నియమం పెట్టారు. మీరు తప్పు చేశారని నేను అనను. ఆ దారి మీ ఊళ్ళో లేదు, అంతే.

అందుకని నా మొగ్గు ఇటు ఉంది: కొత్త పాఠం మొదటిసారి వినడం తరగతిలోనే జరగాలి, వీడియో మళ్ళీ వినడానికి ఉండాలి. జ్వరం వచ్చి మానేసిన పిల్లకు, పెళ్ళికి ఊరెళ్ళిన పిల్లకు, ఒకసారి వింటే పట్టుబడని పిల్లకు అది అక్కరకు వస్తుంది. చూడనివాడు వెనకబడడు, చూసినవాడికి లాభం ఉంటుంది. దీనికి ధర ఉంది, దాచను. తరగతిలో మీకు మిగిలిన సమయంలో చాలా భాగం పోతుంది. లెక్కలు చేయించడానికి మళ్ళీ పీరియడు చాలదు.

ఆ సమయం పోగొట్టుకోవడం ఇష్టం లేకపోతే రెండో దారి, చూడటాన్ని బడిలోకే తేవడం. మీ బడిలో గోడకు టచ్ ప్యానెల్ ఉందని రాశారు. మధ్యాహ్న భోజనం తర్వాత మిగిలే కొద్దిసేపు అక్కడ చూపవచ్చు. సాయంత్రం పెట్టకండి, దూరపు పేటల నుంచి ఆటోల్లో వచ్చే ఆడపిల్లలు ఉండలేరు, వాళ్ళే మళ్ళీ మిగిలిపోతారు. ఇక్కడి చిక్కు ఏమిటంటే, ఆ వేళ గదిలో ఎవరో ఒక పెద్దవాళ్ళు ఉండాలి. మీరే ఉంటే మీ విశ్రాంతి పోతుంది. మరో మాట: వీడియోను నెట్‌లోంచి నేరుగా నడపకుండా మీ అసలు ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి చూపండి. మీరు డబ్బు కోరకపోయినా యూట్యూబ్ మీ వీడియోల మీద ప్రకటనలు వేయగలదు. కరెంటు ఉన్నా సిగ్నల్ లేని రోజులు తీరంలో ఎన్నో.

పూర్తిగా మానేయడం మూడో దారి. మీ నిద్ర మీకు దక్కుతుంది, మాస్టారి కినుక తీరుతుంది. కానీ మానేసిన పిల్లకు, నెమ్మదిగా నేర్చుకునే పిల్లకు ఉన్న ఒక్క ఆసరా పోతుంది. ఇప్పుడున్నట్టే సాగించడం నాలుగోది. దాని ఫలితం మీ వెనక బెంచీలో కనిపిస్తూనే ఉంది, ఇంకేం చెప్పను.

ఏ దారి పట్టినా ఏ పాఠానికి వీడియో కావాలన్నది తేల్చుకోండి. అన్నిటికీ అక్కరలేదు. కేంద్రప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన దీక్ష అనే ఆన్‌లైన్ వేదికలో పాఠ్యాంశాల వీడియోలు చాలా ఉన్నాయి. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్లు అక్కడికే తీసుకెళ్తాయి. అక్కడ బాగున్నదాన్ని మీరు మళ్ళీ చేయడం రాత్రిని వృథా చేసుకోవడమే. మీ పిల్లలు ఏటా ఎక్కడ తప్పుతారో ఆ చోట్లకే మీ రికార్డింగు కావాలి, ఎందుకంటే అది మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

కుంభాకార కటకం పాఠమే తీసుకోండి. వస్తువు నాభికీ, రెట్టింపు నాభ్యంతరానికీ మధ్య ఉన్నప్పుడు ప్రతిబింబం ఎక్కడ పడుతుందో గీయాలి. బోర్డు మీద గీసేటప్పుడు సగం బొమ్మకు మన వీపే అడ్డు. ముందు బెంచీ పిల్ల గీత చూస్తుంది, మూలనున్న పిల్లకు గీత పూర్తయ్యాక కనిపిస్తుంది. ఏ గీత ముందు, ఏది తర్వాత అన్నదే అక్కడ పాఠమంతా. మీ తెర మీద ఆ వరస అందరికీ ఒకేలా కనబడుతుంది, ఆపి వెనక్కి వెళ్ళి మళ్ళీ చూసుకోవచ్చు. ఇది వీడియో చేయదగ్గ పని. అయితే ఒక పిల్ల అక్షానికి సమాంతరంగా వచ్చిన కిరణాన్ని నాభి గుండా కాకుండా కటక కేంద్రం గుండా పంపుతోందని వీడియోకు తెలియదు. నోటుపుస్తకం మీదికి వంగి చూసిన మీకే తెలుస్తుంది. వస్తు దూరానికి రుణ గుర్తు మరిచి సూత్రంలో అంకెలు వేసే పిల్లవాడిని పట్టుకోవాల్సింది కూడా మీరే. భూతద్దం ఎండలో పట్టుకుని కాగితం మీద చుక్క చిన్నదయ్యేదాకా వెనక్కీ ముందుకీ జరపడం ఏ తెర మీదా నేర్చుకోలేరు. ఆ కటకం ప్రతి పిల్ల చేతిలోకీ వెళ్ళాలి. మరోవైపు నీటిలో సోడియం ముక్క వేయడం వంటివి బడిలో చేయకూడదు, అవి తెర మీదే చూపండి.

అరగంట వీడియోలు మాత్రం తగ్గించండి. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో ఫిలిప్ గువో, ఇద్దరు తోటి పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. వీడియో ఎంత పొడవున్నా సగటు మనిషి చూసేది మహా అయితే ఆరు నిమిషాలని అందులో తేలింది. సిద్ధం చేసిన స్లైడ్ల కంటే చేత్తో గీస్తూ చెప్పే పాఠాలనే జనం ఎక్కువసేపు చూశారని కూడా. మీరు చేస్తున్నది ఆ మంచి రకమే. ఆ చూసినవాళ్ళు తమంతట తాము చేరిన అభ్యాసకులు, మీ పిల్లలు పదిహేనేళ్ళవాళ్ళు. కనుక ఆ ఆరు అంకెను శాసనంగా తీసుకోనక్కరలేదు. ఒక వీడియోకి ఒకే సందేహం అని పెట్టుకుంటే పొడవు దానంతటదే తగ్గుతుంది. తరగతిలో నడిపినప్పుడు కూడా మధ్యలో ఆపి, తర్వాతి గీత ఎటు పోతుందో అడగండి. ఆపకుండా నడిపితే పిల్లలు సినిమా చూసినట్టు చూసి లేచిపోతారు. తెల్ల తెర మీద నల్ల గీతల పాఠానికి 480 నాణ్యత సరిపోతుంది. ఫైలు చిన్నదవుతుంది, మెమరీ కార్డులోంచి, బ్లూటూత్‌లోంచి డేటా ఖర్చు లేకుండా చేతులు మారుతుంది. రాష్ట్రంలో 2022, 2023 డిసెంబరుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం ట్యాబులు ఇచ్చింది. అన్నదో అక్కదో ట్యాబు ఎవరి ఇంట్లోనైనా పెట్టెలో ఉందేమో విడివిడిగా అడిగి చూడండి. తరగతిలో చేతులు ఎత్తించి అడగవద్దు.

యాస గురించి మీరు రాసిన పేరా చదివి నాకు బాధ కలిగింది. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో మీ జిల్లాలోనే పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉంటూ గిరిజనులైన సవరల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ మాటలోనే పాఠపుస్తకాలు రాశారు. పిల్ల నోటికి తెలిసిన మాటలోంచి చదువు మొదలవ్వాలని ఆయన జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన నేల మీద నిలబడి, మీ పిల్లలతో మీ పిల్లల మాటలో మాట్లాడినందుకు మీరు సిగ్గుపడాలా? బహుమాధ్యమ బోధన మీద దశాబ్దాలు పరిశోధించిన రిచర్డ్ మేయర్ కూడా పుస్తకం చదివినట్టు చెప్పేదాని కంటే ఎదుటి మనిషితో మాట్లాడినట్టు చెప్పేదే బాగా తలకెక్కుతుందని చూపారు. మీ పిల్లలు పాత వీడియోలే బాగున్నాయనడం అందుకే. పరీక్షలో రాయాల్సిన పారిభాషిక పదాలు మాత్రం తెర మీద పుస్తకంలో ఉన్నట్టే, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. మన పాఠ్యపుస్తకాలు ఎదురెదురు పేజీల్లో రెండు భాషల్లో వచ్చాయి కనుక పిల్లలకు ఆ అలవాటు ఉంది. మాట మీది, పదం పుస్తకానిది. వీడియోల కింద వ్యాఖ్యలు మూసేయండి. ఛానల్‌లో వీడియోను లింకు ఉన్నవాళ్ళకే కనబడేలా పెట్టుకునే వీలు కూడా ఉంది. అలా చేస్తే బయటి జిల్లాల పిల్లలు కొత్తవి చూడలేరు. అది మీరు తూచుకోవాల్సిన విషయం.

లెక్కల మాస్టారి మాటను కినుకగా కొట్టివేయకండి. 2022లో జీవో 117 వచ్చినప్పుడు తరగతులు కలపడం, పోస్టులు సర్దడం కళ్ళారా చూసిన తరం అది. "మనమెందుకు అంటారు" అన్నది ఆయన ఊహించుకున్న భయం కాదు. వీడియో మళ్ళీ వినడానికే అని మీరు నియమం మార్చారని హెడ్మాస్టరు నోట కాక మీ నోట ఆయనకు తెలియనివ్వండి. కటక సూత్రం సరూప త్రిభుజాల్లోంచే కదా వస్తుంది. ఆ మెట్టు ఆయన మీ పిల్లలకు ఒక పీరియడు చెబుతారేమో అడగండి. రికార్డు చేద్దామని ఆ రోజు అనకండి. ఆయనకై ఆయన అడిగితే చేయండి, లేకపోతే లేదు.

హెడ్మాస్టరుగారికి అధికారుల ముందు చూపడానికి ఏదో ఒకటి కావాలి, అది సహజం. పిల్లల ముఖాలు నెట్‌లో పెట్టే వీడియోలకు మాత్రం ఒప్పుకోకండి. 18 ఏళ్ళలోపు వారి వ్యక్తిగత వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అంటోంది. చట్టం సంగతి అలా ఉంచినా, ఒక పిల్ల ఫోను అరువు తెచ్చుకుంటేనే వీధి ఏం చేసిందో చూశారు. భోజనం తర్వాత పిల్లలు చేతుల్లో కటకాలు పట్టుకుని, ప్యానెల్ మీద వీడియో ఆపుతూ లెక్క చేస్తున్న గదిని అధికారులకు చూపించమనండి.

డబ్బు విషయం మీ భర్తగారికి ఇలా చెప్పవచ్చు. ప్రకటనల ఆదాయానికి వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ వంటి షరతులున్నాయి. ఆ లెక్క దాటినా మీరు ప్రభుత్వోద్యోగి, 1964 నాటి ప్రవర్తనా నియమావళి మీకు వర్తిస్తుంది. బయటి సంపాదనకు ముందు రాతపూర్వకంగా అనుమతి అడగండి, జవాబు వచ్చేదాకా ఆ మీట నొక్కకండి. ఆయన అసలు బాధ డబ్బు అయి ఉండకపోవచ్చు. అర్ధరాత్రి దాకా మీరు వేరే గదిలో తలుపు వేసుకుంటున్నారు. రికార్డింగును వేసవి సెలవులకు, ఆదివారం పొద్దుటికి మార్చి చూడండి.

మీ చివరి వాక్యం గురించి. కెమెరా ముందు ఓపిక ఉండటంలో వింతలేదు. అక్కడ ఎవరూ అడ్డురారు, తప్పు చెబితే చెరిపి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఆరో పీరియడుకి ఓపిక పోవడానికి మీ గుణం కంటే మీ గొంతే ఎక్కువ కారణమని నాకు అనిపిస్తోంది. పగలంతా తరగతిలో అరిచి, రాత్రి మైకు ముందు మళ్ళీ మాట్లాడుతున్నారు. నడుముకు కట్టుకునే చిన్న లౌడ్‌స్పీకరు, తలకు పెట్టుకునే మైకు కలిపి దొరుకుతాయి, చాలామంది టీచర్లు వాడుతున్నారు, కొనుక్కోండి. ఎప్పటి నుంచి గొంతు పోతోందో మీరు రాయలేదు. బొంగురు మూడు నాలుగు వారాలు దాటి ఉంటే, శ్రీకాకుళం వెళ్ళి చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకోండి. ఆయన చెప్పేదాకా కొత్త రికార్డింగులు ఆపండి.